మాట తప్పని బఫర్ మేడం

బాన్సువాడ
6 ఏప్రిల్ 2024

మోతీరాం కాకాకు, హీరాబాయి కాకీకి కాళ్లు మొక్కి రేఖ రాసేది.

నేను మంచిగున్న. ఎండలే మంచిగ లెవ్వు.

కాకా, నీకు చెవులు వినపడితే ఈ కథంత ఫోన్ల చెప్పేదాన్ని. మొన్న ఫోన్ జేస్తే కాకీ ఎత్తింది. నేను 'ల్యాబుల నౌకరి' అంటే ఆమె నీ చెవిల 'లారీల నౌకరి' అని ఒర్రిందంట. ఆడపిల్ల లారీ తోలుతదా అని నువ్వు రెండు పూటలు అన్నం ముట్టలేదని మన తండా భద్రు అన్న చెప్పిండు. మెసేజ్ పెడితే నువ్వు చూడవు. గందుకే ఇగ ఉత్తరాలే నయం. మన ఇంట్ల మాట్లాడే లంబాడీకి రాత లేకపాయె, తెలుగుల రాస్తున్న.

ఇది లారీ గాదు, ల్యాబు. మట్టి పరీక్ష చేసే జాగ. రైతుల సంఘం వాళ్లు పెట్టిండ్రు. బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరం. పనిచేసేది ఇద్దరమే, రోజారాణి మేడం, నేను. మేడం పెద్ద చదువు చదివింది, మాట మాత్రం తక్కువ. నన్ను మూడు నెలలు చూస్తరంట. పని పట్టువడితే ఉంచుకుంటరు.

నా పని పీహెచ్ చూసుడు. మట్టిల పులుపు ఎంత, చౌడు ఎంత అని చెప్పే అంకె అది. ఏడు నడిమిట్ల ఉంటది. ఏడుకు కిందికి పోతే పులుపు, మీదికి పోతే చౌడు. ఇరవై గ్రాముల మట్టిల యాభై మిల్లీలీటర్ల నీళ్లు పోసి, అర్ధగంట కలుపుకుంట ఉండి, దాంట్ల ఎలక్ట్రోడు ముంచుత. అది పెన్నంత గాజు గొట్టం, కొసకు చిన్న బుడ్డ. ఆ బుడ్డ ఉల్లిపొర లెక్క పల్చగ ఉంటది. గుడ్డతోటి రుద్దొద్దు, అద్దాలె. ఎండనియ్యొద్దు. నీ దూడను సుత నేను గింత పైలంగ సాదలే కాకా.

గానీ మిషన్ చెప్పింది నమ్మాలంటే పొద్దుగాల్నే దాన్ని సరిచెయ్యాలె. దాన్ని క్యాలిబ్రేషన్ అంటరు. గక్కడ మాకు బఫరే దిక్కు. బఫర్ మాట తప్పదు కాకా. జరంత పులుపు తగిలినా, జరంత చౌడు తగిలినా చలించదు, ఏడంటే ఏడే. పొద్దున మేం పోంగనే ముందుగాల బఫర్ తానకే పోతం. బఫర్ ఒప్పుకున్నంకనే రైతుల మట్టి ముట్టుడు. రోజారాణి మేడం అంతటామె సుత బఫర్ మాటకు ఎదురు చెప్పదు.

మన రోడ్డు పక్క ఎకరంల మూడేండ్ల నుంచి సోయా పండుతలేదని బాధపడుతున్నవ్ గద. దాని మట్టి పంపు. ఎనిమిది పది చోట్ల జానెడు లోతు తవ్వి, అంత కలిపి, అర్ధకిలో గుడ్డసంచిల కట్టు. ఎరువుల సంచిల మాత్రం కట్టకు. శుక్రవారం శుక్రవారం భద్రు అన్న కూరగాయల బండి ఈడికి వస్తనే ఉంటది.

నన్ను కన్న యాడి బాపు చెరుకు కోత నుంచి ఇంక రాలేదా? వాళ్లు కోతకు పోయినప్పుడల్ల నీ ఇంట్ల ఉండి చదువుకున్న పిల్ల ఇప్పుడు తెల్ల కోటు ఏసుకున్నదని చెప్పు.

నీ బిడ్డ,
రేఖ

*

తండా, జుక్కల్ మండలం
18 ఏప్రిల్ 2024

రేఖా, బిడ్డా,

నీ ఉత్తరం అందింది. నేను మూడుసార్లు చదివిన, మీ కాకీకి రెండుసార్లు ఒర్రి చదివిన. చెవుడు నాకు, ఒర్రుడు సుత నాదే. తండంత విన్నది. ఇప్పుడు నువ్వు లారీ తోలుతలేవని అందరికి ఎరుక.

మట్టి నువ్వు చెప్పినట్లే తీసిన. పది చోట్ల తవ్విన. భద్రు ఎగతాళి చేసిండు, "ఏం కాకా, బంగారం దొర్కిందా?" అని. పెదవులు చూసి అర్థం జేసుకున్న. ఈ చెవులు క్వారీ పేలుళ్లకు పోయినయి గాని కండ్లు ఏడ పోయినయి.

గా ఎకరం మీద నాకు మస్తు రంది ఉన్నది బిడ్డా. మా బాపు రాయి రాయి ఏరి చదును జేసిన జాగ. తండాకు తారురోడ్డు వచ్చిన సంవత్సరం నుంచి అది నా మీద అలిగింది. సోయా జానెడు లేస్తది, ఇగ పచ్చవడి గక్కడ్నే కూసుంటది. రోగం ఏందో నీ మిషన్ను అడుగు.

ఇంకోటి. మీ బఫర్ మేడం మాకు చాన నచ్చింది. పేరు కొత్తగున్నది, కేరళ దిక్కామెనా? పులుపు తిన్నా ఇంకోటి తిన్నా చలించదని రాసినవ్, వొళ్లు గట్టిదే. మాట తప్పదు అంటే ఇగ చెప్పేదేముంది. ఇప్పటి కాలంల గసొంటి మనిషి కింద పని దొరుకుడు నీ అదృష్టం. పొద్దుగాల పోంగనే ముందు ఆమెకు నమస్తే పెట్టు, తర్వాతనే రోజారాణి మేడంకు. ఎవలు పెద్దో ఎరుకజేసుకొని నడువు.

మీ కాకీ జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టింది. తెల్లగుడ్డ మూట నీది. ఎర్రగుడ్డ మూట బఫర్ మేడంది. కలపకు.

ఒక్క మాట చెప్త, యాది పెట్టుకో. మంది సొమ్ము మన సొమ్ము లెక్క చూడాలె. ఆ మందులు, నీళ్లు, ఏదైనా సరే, ఒక్క చుక్క దండుగ చెయ్యకు. పారబోసే చెయ్యి ఎవలకూ నచ్చదు.

మోతీరాం

*

బాన్సువాడ
4 మే 2024

కాకా, కాకీ,

మీ ఉత్తరం చదివి నేను ఒక్కదాన్నే నవ్వుతుంటే మా కిరాయి ఇంటామె తలుపు కొట్టి, "పోరీ, బాగున్నవా?" అని అడిగింది.

బఫర్ మనిషి గాదు! మనిషి గాదు కాకా! అది సీసాల ఉండే నీళ్లు. చిన్న పొట్లంల పొడి వస్తది. శుద్ధమైన నీళ్లల్ల కలిపితే దాని పీహెచ్ ఒకటే అంకె మీద నిలబడుతది. ఒక సీసాది ఏడు, ఇంకో సీసాది తొమ్మిది పాయింట్ రెండు. మిషన్‌ను ముందు ఏడుదాంట్ల ముంచి ఏడు చూపెట్టేటట్టు చేస్తం. తర్వాత తొమ్మిదిదాంట్ల ముంచి, స్లోప్ అని రేడియోకు ఉన్నట్టు ఒక తిప్పుడు బిర్ర ఉంటది, దాన్ని తిప్పి తొమ్మిది పాయింట్ రెండు చూపెట్టేటట్టు చేస్తం. రెండు ఊర్ల నడుమ మైలురాళ్లు పాతినట్టు అనుకో. అప్పుడు నడిమిట్ల ఏ మట్టి ముంచినా దాని జాగ అది చెప్తది.

రోజారాణి మేడంకు నీ ఉత్తరం చదివి వినిపిచ్చిన. ఆమె నవ్వంగ నేను మొదటిసారి చూసిన. "అయితే ఎర్రగుడ్డ మూట ఎవలది?" అని అడిగింది. ఎల్లిపాయ కారం మొత్తం ఆమెనే తిన్నది. కండ్లల్ల నీళ్లు వస్తున్నా ఆపలే.

నీ మాట యాది పెట్టుకున్న. ఈడ వాడిన బఫర్ పారబోస్తరు కాకా, ప్రతిరోజు! నాకు పానం ఒప్పలే. మేడం చూడనప్పుడు నేను గ్లాసుల మిగిలింది మళ్ల సీసాల పోస్తున్న. రెండు వారాల నుంచి కొత్త పొట్లం ఇప్పలేదు. ఎప్పుడన్న చెప్తే మేడం సంతోషపడుతది.

ఇగ అసలు సంగతి. చెప్పబుద్ధయితలేదు. నిన్న భద్రు అన్నతోటి రిపోర్టు చీటీ పంపిన, నీకు అందే ఉంటది. మన ఎకరం తొమ్మిది పాయింట్ ఒకటి. అది మస్తు ఎక్కువ కాకా. ఎనిమిదిన్నర దాటితేనే చౌడు అంటరు. గీ మట్టిల సోయా పండది. జిప్సం ఏసి, మంచినీళ్లతోటి కడిగి, రెండు మూడేండ్లు ఆగాలె. మన తాన అన్ని నీళ్లు ఏడియి?

నా చేతులతోటే ఆ అంకె రాసిన. రాసి మళ్ల ముంచి చూసిన. మళ్ల గదే వచ్చింది.

బాధపడకు.
రేఖ

*

తండా
30 మే 2024

బిడ్డా రేఖా,

ముందుగాల నా తెలివి చెప్త, నవ్వుకో. భద్రు చీటీ తెచ్చిచ్చిండు. దాని మీద 'తొమ్మిది పాయింట్ ఒకటి' అని ఉన్నది. ఆ వారంలనే భద్రు తమ్ముడు నితిన్‌కు పదోతరగతిల తొమ్మిది పాయింట్ ఒకటి వచ్చిందని తండంత సంబురం. ఇగ నేనేమనుకున్న? పదికి తొమ్మిది! నా భూమి సుత పాసయింది అనుకొని జుక్కల్ పోయి బూందీ తెచ్చి పంచిన. పక్కింటి సోమ్లా రెండుసార్లు తిన్నడు. నాలుగు రోజులకు పోస్టుల నీ ఉత్తరం వచ్చింది. మిగిలిన బూందీ మీ కాకీ నేనూ ఒకరి మొకం ఒకరం చూసుకుంట తిన్నం.

బఫర్ నీళ్లని మీ కాకీకి చెప్పిన. నమ్ముతలేదు. "నీళ్లకు అంత మర్యాద ఉంటదా? పిల్ల మనల్ని ఆటపట్టిస్తుంది" అంటది.

బిడ్డా, నువ్వు తప్పు రాసినవని నేను అంటలేను. నీ మిషన్ ఎక్కడ, నేనెక్కడ. గానీ నలభై ఏండ్లు మట్టిల బతికినోన్ని. చౌడు భూమి నేను చూసిన. పొద్దుగాల తెల్లగ ఉప్పు పూస్తది, తడిస్తె సబ్బు లెక్క జారుతది. నా ఎకరంల ఎన్నడూ గట్ల లేదు. ఇంకోటి, గదే చేను గట్టు మీద పోయినేడు కంది పెట్టిన. నా ఎత్తు పెరిగింది. గట్టు మట్టి సుత గా చేన్లదే గద? గట్టు మీద కందికి లేని చౌడు, కింద సోయాకు ఎట్లొచ్చింది? ఊకనే అడుగుతున్న. తెలిస్తె రాయి.

తెలిసినా ఇప్పుడు ఏం ఫాయిదా లేదు. ఇటుకబట్టీ ఆయనకు మాటిచ్చిన. సోమవారం జేసీబీ వస్తది. రెండడుగుల మందం మట్టి తీసుకపోతరు. పండని మట్టిని కడుపుల పెట్టుకొని ఏం జెయ్యాలె. బాపు ఉంటే నన్ను తిట్టేటోడే. మీ కాకీ రెండు రోజుల నుంచి నాతోటి మాట్లాడుతలేదు. మాట్లాడినా నాకు వినపడది గాని, మాట్లాడనప్పుడే మంచిగ వినపడుతుంది.

నువ్వు ఫికర్ చెయ్యకు. అన్నం టైముకు తిను. రేపు భద్రు వస్తుండు గద, గీ ఉత్తరం ఆయన తోటే పంపుతున్న.

మోతీరాం

*

బాన్సువాడ
31 మే 2024, సాయంత్రం నాలుగు

కాకా,

భద్రు అన్న బయట బండి స్టార్ట్ జేసి హారన్ కొడుతుండు. గబగబ రాస్తున్న.

మట్టి తియ్యనియ్యకు! జేసీబీని చేన్ల దిగనియ్యకు! నీ మట్టి చౌడు గాదు. నీ కంది చెప్పిందే నిజం. పొద్దున నీ ఉత్తరం చదివినంక మళ్ల అంత మొదటినుంచి చూసిన. తప్పంత స్లోప్‌ల ఉన్నది. స్లోప్ ఖరాబైంది, నెల రోజుల నుంచి నేను చూసుకోలే. ఇప్పుడు సరిచేసిన. స్లోప్ సరిగ ఉంటే నీ ఎకరం ఎనిమిది పాయింట్ మూడే. మంచి నల్లరేగడికి గంతే ఉంటది. సోయా పండుతది.

తప్పు నాది కాకా. మొత్తం నాదే. ఎట్లయిందో తర్వాత రాస్త. మేడంకు ఇప్పుడే పోయి చెప్పాలె.

మట్టి తియ్యనియ్యకు.

రేఖ

*

తండా
5 జూన్ 2024

బిడ్డా,

జేసీబీ వచ్చింది. మట్టి పోలే. ముందు గది తెలుసుకొని ఊపిరి పీల్చుకో.

నీ ఉత్తరం భద్రు శుక్రవారం పొద్దుగూకేసరికి ఇచ్చిండు. చదివిన. కూసున్న. మళ్ల చదివిన. 'తప్పంత స్లోప్‌ల ఉన్నది.' బిడ్డా, నీ తెలివికి దండం. బాన్సువాడల కూసోని, అర్ధకిలో మట్టి చూసి, నా చేను స్లోప్ ఖరాబైందని ఎట్ల కనిపెట్టినవ్!

ఉపాధి పనికి పోయినప్పుడు కాలువలు తవ్విన గద, స్లోప్ అంటే నాకు మంచిగ ఎరుక. ఎంబడే చేన్లకు పోయి నిలబడి చూసిన. మా బాపు చేను ఎట్ల దున్నిండంటే నీళ్లన్ని తూర్పు మూలకు దిగి వాగుల పడేటియి. ఆ మూలకే గద ఇప్పుడు తారురోడ్డు ఏసిండ్రు, నడుమెత్తు మట్టి పోసి. నీళ్లు పోయే తొవ్వ బందయింది. వానకాలం చేన్ల నీళ్లు నిలుస్తున్నయి. పైకి కనిపియ్యయి, లోపల వేరు మురుగుతుంది. కంది గట్టు మీదున్నది, గందుకే బతికింది. మూడేండ్ల నుంచి నా కండ్ల ముందట్నే ఉన్నది గాని నాకు కానరాలే!

సోమవారం జేసీబీ రాంగనే ముందుకు పోయి చేతులు అడ్డం పెట్టిన. ఇటుకబట్టీ ఆయనకు చెప్పిన, "మాటిచ్చిన, తప్పుతున్న, మన్నించు. మా బిడ్డ వద్దన్నది." ఆయన గరమైండు. మీ కాకీ వచ్చి ఏందో అన్నది, నాకు వినపడలే, గాని ఆయన చల్లవడ్డడు. బండి ఎట్లనో వచ్చింది గద అని, పొద్దుగూకేదాక కిరాయి నేనే ఇస్త అన్న. రోడ్డు పక్కపొంటి లోతుగ కాలువ తీపిచ్చి, పాత కల్వర్టు దాక కలిపిన. చేను సుత తూర్పుకు వంపు జేపిచ్చిన. స్లోప్ ఇప్పుడు పక్కా. నీళ్లు పోసి చూసిన, చంటిపిల్ల ఉరికినట్టు ఉరికినయి.

ఒక్కటే నాకు సమజ్ అయితలేదు. రోడ్డు ఏసింది కాంట్రాక్టరు. స్లోప్ ఖరాబు జేసింది ఆయన. తప్పు నీది ఎట్లయితది? నువ్వు మేడం తాన ఎందుకు ఒప్పుకున్నవ్? ఎవలో చేసినదానికి నువ్వు మాట పడకు. కావల్నంటే నేనొచ్చి బఫర్ మేడంకు (నీళ్లే అనుకో) చెప్త.

మోతీరాం

*

బాన్సువాడ
23 జూన్ 2024

కాకా,

నీ ఉత్తరం చేతుల పట్టుకొని ల్యాబుల కింద కూసున్న. నవ్వాల్నా ఏడ్వాల్నా తెల్వలే, రెండూ చేసిన.

స్లోప్ అంటే నీ చేను వంపు గాదు కాకా. మిషన్ స్లోప్! మొన్న రాసిన గద, తిప్పే బిర్ర, అది. నీ చేన్ల నీళ్లు నిలుస్తున్నయని నాకు కలల సుత తెల్వది. అది కనిపెట్టింది నువ్వు. నేను ఒకటి చెప్తే నువ్వు ఇంకోటి విని, సరిగ్గ రోగం మీదనే చెయ్యి పెట్టినవ్.

ఇప్పుడు నా తప్పు విను. ఈసారి ఆరాంగ రాస్తున్న.

వాడిన బఫర్ మళ్ల సీసాల పోస్తున్నని రాసిన గద? అదే. వాడినదాంట్ల ఏడు సీసా చుక్కలుంటయి, మట్టి మరకలుంటయి, గాలి తగిలి ఉంటది. రోజింత కలిసి కలిసి తొమ్మిది పాయింట్ రెండు అని రాసున్న సీసా లోపల్నే కిందికి జారింది. బఫర్ మాట తప్పదు గాని, నేను నెల రోజులు పట్టు వదలకుండ తప్పిచ్చిన. పేరు మాత్రం సీసా మీద అట్లనే ఉన్నది. నేను పేరు నమ్మి, మిషన్ తొమ్మిది పాయింట్ రెండు చూపెట్టేదాక స్లోప్ బిర్ర తిప్పుతుంటి. రోజురోజుకు జరంత ఎక్కువ తిప్పవలసి వస్తుండె. పాత మిషన్ గద అనుకున్న. ఆఖరుకు బిర్ర కొస దాక పోయింది. అప్పుడన్న నాకు అనుమానం రావాలె. రాలే.

నీ కంది సంగతి చదివినంకనే నాకు ఆ సీసా యాదికొచ్చింది. కొత్త పొట్లం ఇప్పి కలిపిన. కొత్తదానితోటి మిషన్‌ను సరిచేసి, పాత సీసాల ఎలక్ట్రోడు ముంచిన. తొమ్మిది పాయింట్ రెండు రావాలె. ఎనిమిది పాయింట్ నాలుగు కాడ ఆగింది. నీ సంచిల మిగిలిన మట్టి తీసి చూసిన. ఎనిమిది పాయింట్ మూడు. అప్పుడే భద్రు అన్న హారన్.

ఆయన పోయినంక మేడం ముందట నిలబడి చెప్పిన. సీసా సంగతి, అంత. మేడం రిజిస్టర్ తీసింది. తర్వాత అడిగింది, "ఎన్ని రిపోర్టులు పోయినయి?"

"మా కాకాది గాక ముప్పై నాలుగు, మేడం."

"సంచులు ఉన్నయా?"

"ఇరవై తొమ్మిది ఉన్నయి. ఐదు పారేసినం."

"సీసాల పోసేటప్పుడే నాకు చెప్తే అయిపోయేది గద, రేఖా."

గంతే అన్నది. తిట్టినా బాగుండు అనిపిచ్చింది. మళ్ల ఆమెనే లేచి తెల్లకోటు ఏసుకొని, "బీకర్లు కడుగు" అన్నది. రెండు రోజులు ఇద్దరం కూసోని ఇరవై తొమ్మిది మళ్ల చూసినం. మిగిలిన ఐదుగురి మట్టి మళ్ల తెచ్చే పని నాది. ముప్పై నలుగురికి తప్పైందని చెప్పే పని సుత నాదే. "ఫోన్ల చెప్పకు, కాయిదం పట్టుకొని ఇంటికి పో" అన్నది.

పోయిన కాకా. బస్సులు, ఆటోలు, నడక. కొందరు సరే అన్నరు. ఒకాయన నా మొకం మీదనే తలుపేసిండు. బీర్కూర్‌ల దేవిదాస్ పటేల్ అని ఉన్నడు, చెరుకు, వరి పెద్ద వ్యవసాయం, సంచి పారేసిన ఐదుగురిల ఒకాయన. నా పాత చీటీ చూసి ఆయన అప్పటికే జిప్సం తెప్పిచ్చిండు. వాకిట్ల బస్తాలు గోడ లెక్క పేర్చి ఉన్నయి. నేను చెప్పింది విని లేచి నిలబడ్డడు.

"గీ బస్తాలు ఏం చేసుకోవాలె నేను? పెండ్లికి పందిరెయ్యాల్నా?"

లోపల్నుంచి వాళ్లమ్మ లక్ష్మవ్వ వచ్చింది, ఎనభై ఏండ్లు ఉంటయి. కొడుకును పక్కకు జరిపి నన్ను చూసింది. "ఏమంటుంది పిల్ల?"

"ఆఫీసు చీటీ తప్పంట అవ్వా. ఈమెనే తప్పు రాసిందంట."

"చెప్పనీకి ఇంటిదాక వచ్చిందా?"

"వచ్చింది."

లక్ష్మవ్వ నా చెయ్యి పట్టి గద్దె మీద కూసోవెట్టింది. "నా ఉమర్ల మస్తు తప్పు చీటీలు వచ్చినయిరా ఇంటికి. తప్పైంది అని చెప్పనీకి ఎవడు రాలే" అన్నది. చల్ల తాగిపిచ్చింది. పటేల్ జరసేపు కోపంగనే ఉన్నడు. తర్వాత జిప్సం దుకాణం ఆయనకు ఫోన్ జేసి వాపస్ తీసుకోమని గట్టిగ చెప్పి, తనే నన్ను చేన్లకు తీసుకపోయి మట్టి తవ్వి ఇచ్చిండు. వచ్చేటప్పుడు నాలుగు చెరుకు గడలు. బస్సుల అందరికి తగిలినయి, అందరు తిట్టిండ్రు. నాకు మాత్రం ఆ రోజంత పాట పాడబుద్ధయింది.

నేను ఉంటనో పోతనో అనుకున్న. నిన్నటితోటి మూడు నెలలు అయిపోయినయి. మేడం రిజిస్టర్ల నా పేరు కొత్త పేజీకి ఎక్కిచ్చి, అల్మారి తాళంచెవి నా చేతిల పెట్టింది. "కొత్త పొట్లాలు దాంట్ల ఉన్నయి. పిసినారితనం చెయ్యకు" అన్నది.

కాకా, దండుగ చెయ్యొద్దని నువ్వు చెప్పింది తప్పు గాదు. ఏది దండుగో ఏది గాదో నేను అడిగి తెలుసుకోలే. గంతే.

సోయా విత్తినవా? వానలెట్లున్నయి?

నీ బిడ్డ,
రేఖ

*

తండా
6 అక్టోబర్ 2024

బిడ్డా రేఖా,

మూడు నెలలు ఉత్తరం రాయలే, కోపం జేసుకోకు. విత్తనం, కలుపు, వానలు. తీజ్ పండుగ తొమ్మిది రోజులు పిల్లలు గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోసుకుంట పాడుతుంటే నువ్వు లేని లోటు కొట్టొచ్చినట్టు కనిపిచ్చింది. నాకు పాట వినపడది, అయినా ఎవలు లేరో కనిపిస్తది.

నీ జూన్ ఉత్తరం చదివి నేను చాన సేపు బయటికి రాలే. పారబోసే చెయ్యి నచ్చది అని నేనే రాసిన. నా మాట పట్టుకొని నువ్వు గింత అవస్థ పడ్డవ్. మీ కాకీ తాన ఒప్పుకున్న. ఆమె అన్నది, "నువ్వు సలహాలు ఇచ్చుడు బంద్ జెయ్యి, లేకుంటే పూర్తిగ ఇయ్యి." ఒక నెల బంద్ జేసిన. తర్వాత మళ్ల అలవాటైంది.

ఇగ విను. సోయా!

జూన్ నడిమిట్ల విత్తిన. ఆగస్టుల నాలుగు రోజులు వాన వట్టింది. రాత్రిపగలు ఒకటే వాన. తెల్లారంగనే గొడుగు సుత లేకుండ ఉరికిన. చేన్ల చుక్క నిలువలే! కాలువ నిండుగ పారుతుంది, కల్వర్టు కిందికెళ్లి వాగుల పడుతుంది. నేను ఆ వానల నిలబడి గట్టిగ ఒర్రిన. ఏం ఒర్రిన్నో నాకే వినపడలే. మీ కాకీ ఎనుక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. ఇద్దరం తడిసినం. జ్వరం ఆమెకు రాలే, నాకే వచ్చింది, రెండు రోజులు.

పోయినేడు గా ఎకరంల రెండున్నర క్వింటాళ్లు. ఈసారి నిన్న కాటా పెట్టినం, ఏడు దాటింది. ఇంక జరంత మిగిలే ఉన్నది. యాడి బాపు సుత కోతకు సాయం వచ్చిండ్రు. చెరుకు కోతకు దీపావళి దాటినంకనే పోతరంట. నీ బాపు గింజలు దోసిట పట్టి చూసి, "ఇది మా తమ్ముని చేనేనా?" అన్నడు.

ఒక ముచ్చట చెప్పాలె. మొన్న హోటల్ కాడ చాయ్ తాగుతుంటే సోమ్లా నలుగురి ముందట అన్నడు. నేను ఆయన పెదవులే చూస్తున్న, ఒక్క మాట పోలే. "మోతీరాం అన్న బిడ్డ ముప్పై నాలుగు చీటీలు తప్పు రాసిందంటగ. గసొంటోళ్లకు మట్టి ఇస్తె మట్టే మిగులుతది." అందరు నవ్విండ్రు.

నేను గ్లాసు కింద పెట్టిన. "ఔ, రాసింది" అన్న. "తెలిసిన రోజే మేడంకు చెప్పింది. ముప్పై నాలుగు ఇండ్లకు పోయి తప్పైంది అన్నది. సోమ్లా, నువ్వు పోయినేడు నా గట్టు రెండు సాళ్లు కలుపుకొని దున్నినవ్ గద. నీ ఇల్లు నా ఇంటికి పది అడుగుల దూరం. ఎన్నిసార్లు వచ్చినవ్?"

నేను చాయ్ తాగి ఇంటికొచ్చిన. పొద్దుగూకంగ సోమ్లా మా వాకిట్ల నిలబడ్డడు. చేతిల గుడ్డసంచి, అర్ధకిలో మట్టి. "రేఖకు పంపు అన్నా" అన్నడు. తెల్లారి భద్రు తెచ్చిండు, జమ్లి తెచ్చింది, జమునాబాయి తెచ్చింది. ఇప్పుడు మా అరుగు మీద ఇరవై రెండు సంచులున్నయి, అన్నిటి మీద పేర్లు రాసిన. కూసోనీకి జాగ లేదు. రెండు సంచులు ఎరువుల సంచులల్ల తెచ్చిండ్రు, వాపస్ పంపి గుడ్డల కట్టిపిచ్చిన. శుక్రవారం బండ్ల అన్ని వస్తయి. మీ మేడంకు ముందుగాల్నే చెప్పు, ఒక్కసారిగ చూసి భయపడుతది.

కోత అయిపోయింది గాని అంత గాలే. తూర్పు మూలకు నాలుగు సాళ్లు కొయ్యకుండ ఉంచిన. కూలోళ్లు కోస్తమంటే వద్దన్న. గింజ రాలుతదని మీ బాపు గులుగుతుండు. వచ్చే ఆదివారం నీకు సెలవే గద. కొడవలికి సాన పట్టి సూరుల చెక్కిన. పొద్దుగాల బస్సుకు రా, ఎండ ఎక్కకముందే కోద్దువు.

మోతీరాం కాకా